వాన నీళ్లు బండి వైర్లలోకి దూరితే

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మృగశిర కార్తె వచ్చిందంటే చేపల బజారుతో పాటు కార్ల కరెంటు పని చేసే షాపులకూ గిరాకీ మొదలవుతుంది. హారన్ దానంతట అదే మోగుతోందని ఒకరు, వైపర్లు ఆగడం లేదని ఇంకొకరు, రెండు రోజులు పక్కన పెడితే సెల్ఫ్ తిరగడం లేదని మరొకరు వస్తారు. షాపు తెరిచాక నీకిది మొదటి వానాకాలం. బండ్లు వరస కట్టక ముందే ఈ నాలుగు ముక్కలు చదువుకో.

వాన పడ్డ మర్నాడు వచ్చిన కరెంటు కంప్లైంటుకు వెంటనే మీటరు తీయకు. టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చో. కాళ్ల దగ్గరి కార్పెట్టు ఎత్తి, దాని అడుగున ఉన్న స్పాంజిని అరచేత్తో గట్టిగా నొక్కు. పైన పొడిగా కనిపించే కార్పెట్టు కింద రెండు మూడు లీటర్ల నీళ్లు దాగి ఉండొచ్చు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయంటే ఇక బీసీఎం (లైట్లు, వైపర్లు, లాకులు నడిపే కంప్యూటరు పెట్టె) మార్చినా ఫ్యూజులు మార్చినా ఆ బండి రెండో వానకు మళ్లీ నీ గుమ్మం ముందుంటుంది. నీళ్ల దారి మూసేదాకా ఏ పార్టూ కొనకు, కొనిపించకు.

అవి ఏ నీళ్లో ముందు తేల్చు. తెల్లటి టిష్యూ పేపరు ఒత్తి చూడు. మట్టి రంగు, కుళ్లిన ఆకు వాసన ఉంటే వాన నీళ్లు. తేటగా ఉండి, ఎడమ పక్క ముందు సీటు దగ్గరే చేరుతూ, ఏసీ వేసిన రోజుల్లోనే పెరుగుతుంటే ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందని అర్థం. ఏసీ నడుస్తుండగా బండి కింద బొట్లు పడకపోతే అదే ఖాయం. జిడ్డుగా, తియ్యటి వాసన వేస్తుంటే హీటర్ నుంచి కారే కూలెంట్. మూడూ తడిపేది ఒకే చోటు, వైద్యం మాత్రం దేనిది దానిదే.

వాన నీళ్లయితే మొదటి అనుమానం ముందు అద్దం కింద వైపర్ల దగ్గరుండే ప్లాస్టిక్ జాలీ మీద పెట్టు. మన ఊళ్లో బండి ఎప్పుడూ చెట్టు నీడే వెతుక్కుంటుంది. తురాయి చెట్టు ఆకులు వడ్లగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. జాలీ కన్నాల్లోంచి హాయిగా జారిపోతాయి. ఎండాకాలమంతా వాటి మీద దుమ్ము పేరుకుంటుంది. తొలి వానకు అంతా ముద్దయి, రెండు చివరల నీళ్లు పోయే రంధ్రాలకు బిరడా పడుతుంది. తొట్టి నిండి పొంగితే నీళ్లకు దగ్గరి దారి బ్లోయర్ గాలి పీల్చే నోరు. అక్కణ్నించి క్యాబిన్ ఫిల్టరు, బ్లోయర్ మోటరు, దాని స్పీడు మార్చే రెసిస్టరు కప్లరు (వైర్లు తగిలించే ప్లగ్గు), ఆఖరికి కార్పెట్టు. అందుకే బ్లోయర్ ఒక్క స్పీడులోనే తిరుగుతోందని బండి వస్తే, రెసిస్టరు మార్చే ముందు క్యాబిన్ ఫిల్టరు లాగి చూడు. దాని మీద నీళ్లు ఎండిన మరక గీతలా కనిపిస్తే దొంగ దొరికినట్టే. వైపర్ ఆర్ములు విప్పి, జాలీ తీసి, ముద్దను చేత్తో ఎత్తిపారెయ్యి. పైపు పెట్టి తోస్తే అది మడ్‌గార్డు మూలలోకి పోయి బిగుసుకుంటుంది. ఆ తర్వాత లీటరు నీళ్లు పోసి, రెండు పక్కలా ముందు చక్రాల వెనక ధారగా కారుతున్నాయో లేదో చూసుకో.

సన్‌రూఫ్ బండ్ల దగ్గర యజమాని చెప్పే మాట ఒకటే: "రబ్బరు పోయింది, మార్చండి." ఆ రబ్బరు దాటి కాసిని నీళ్లు రావడం తయారీలోనే ఉంది. వాటిని పట్టడానికి చుట్టూ తొట్టి, నాలుగు మూలల నుంచి నాలుగు సన్న గొట్టాలు ఉంటాయి. ముందువి ముందు పిల్లర్లలోంచి (పైకప్పును మోసే స్తంభాలు), వెనకవి వెనక పిల్లర్లలోంచి కిందికి దిగుతాయి. ఒక్కో మూలకు టీ గ్లాసెడు నీళ్లు మెల్లగా పోసి కింద ఎక్కడ కారుతుందో చూడు. కారకపోతే గడ్డి కోసే మిషనుకు వాడే 2 మిల్లీమీటర్ల నైలాన్ తీగ తీసుకుని, కొస కొద్దిగా కాల్చి గుండ్రంగా చేసి, తిప్పుకుంటూ పైనుంచి దించు. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకు. గొట్టం లోపలి జాయింటు దగ్గర ఊడిందంటే నీళ్లు నేరుగా డ్యాష్‌బోర్డు వెనకాల ఫ్యూజ్ బాక్సు మీదికే దిగుతాయి. ఊడిందని తెలుసుకోవడానికి పిల్లర్ కవర్లు, పైకప్పు లైనింగు దించాలి, అది పూట పని.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి ఏటవాలు రోడ్లలో బండి ముక్కు ఎటుందో దాన్ని బట్టి పొంగే మూల మారుతుంది. "రాత్రి బండి ఎటు మొహం పెట్టి నిలుపుతారు సార్?" అని అడగడం అలవాటు చేసుకో. నీ షాపు ముందు చదునైన నేల మీద చుక్క కారని బండి వాళ్ల ఇంటి వాలులో బకెట్లు నింపొచ్చు. ముందు చక్రాలో వెనక చక్రాలో ర్యాంపు ఎక్కించి అదే వాలు తెచ్చి చూడు.

తలుపు సంగతీ ఇంతే. అద్దం పక్కనుంచి నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి, అడుగు రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. తలుపు లోపలి ప్యాడు వెనక అంటించిన ప్లాస్టిక్ షీటు వాటిని క్యాబిన్‌లోకి రానీయదు. కొత్త స్పీకర్లు బిగించినవాడు ఆ షీటు చింపి, అంటించకుండానే ప్యాడు నొక్కేసి పోతాడు. రివర్స్ కెమెరాకో, జీపీఎస్‌కో వైరు లాగినవాడు ఫైర్‌వాల్ గ్రామెట్టును, అంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలో వైరు దూరే రబ్బరు బిరడాను, స్క్రూడ్రైవరుతో పొడిచి వదిలేస్తాడు. బయట బిగించిన సామాను ఏముందో చూసి, ముందు అక్కడ వెతుకు. షీటు అంటించడానికి బ్యూటైల్ టేపే (జిగట రబ్బరు టేపు) వాడు. డిక్కీ తడిస్తే టెయిల్ ల్యాంపు గ్యాస్కెట్టు, నంబరు ప్లేటు లైటు, వెనక బంపరు చాటునుండే గాలి ఫ్లాపులు, పైకప్పు యాంటెన్నా అడుగు, ఈ వరసలో పో.

నీళ్ల పరీక్షకు ఇద్దరు కావాలి. బ్యాటరీ మైనస్ తీసేసి, ఒకడు లోపల టార్చితో పడుకుంటే ఇంకొకడు బయట పైపు పట్టుకోవాలి. నాజిల్ లేకుండా, నీళ్లు పారేటట్టు, కింది నుంచి పైకి పోతూ చోటుకు ఐదు నిమిషాలు. పైకప్పు నుంచి మొదలుపెడితే అన్ని సందులూ ఒకేసారి తడిసి ఏది కారిందో తెలియదు. లోపల అనుమానమున్న చోట టాల్కం పౌడరు చల్లితే బొట్టు నడిచిన జాడ గీతలా పడుతుంది. ప్రెషర్ వాషరు జోలికి పోకు, అది మంచి బీడింగులోంచి కూడా నీళ్లు దూర్చి లేని లీకు చూపిస్తుంది.

ఇక రాగి. కప్లరు విప్పగానే పచ్చటి చిలుము అందరికీ కనిపిస్తుంది. నువ్వు చూడాల్సింది అది ఏ పిన్నుకు పట్టిందని. తాళం తీసేసినా 12 వోల్టులు ఉండే పిన్ను అన్నిటికన్నా ముందు పోతుంది. తడిలో ఆ పిన్నుకూ పక్కనున్న ఎర్త్ పిన్నుకూ మధ్య కరెంటు సన్నగా పారుతూనే ఉంటుంది. ప్లస్ వైపు లోహం కరిగి నీళ్లలో కలిసిపోతుంది. గిల్టు వేసే తొట్టిలో జరిగే పనే, కాకపోతే ఇక్కడ అరిగేది నీ కస్టమరు బండి. అందుకే తడిసిందని ఫోను రాగానే బ్యాటరీ మైనస్ ఊడదీయమని చెప్పు. 10 నంబరు స్పానరుతో రెండు నిమిషాల పని. ఆ చిలుము ఆగేది అక్కడే.

దీపం వత్తిలో నూనె పాకినట్టు వైరు లోపలి రాగి పోగుల సందుల్లోంచి నీళ్లు పాకుతాయి. పై తొడుగు కొత్తదానిలా ఉంటుంది, లోపల నల్లగా మాడినట్టుంటుంది. పిన్నుకు అంగుళం దూరంలో తొడుగు ఒలిచి చూడు. రాగి మెరవకపోతే మెరిసేదాకా కోసుకుంటూ వెనక్కి పో. నల్లబడిన రాగికి సోల్డరు అంటదు, అంటినట్టు నటిస్తుంది. అతుక్కి అదే మందం వైరు, క్రింపు స్లీవు (నొక్కి బిగించే లోహపు గొట్టం), లోపల జిగురున్న హీట్ ష్రింకు (వేడికి ముడుచుకునే తొడుగు) వాడు. ఒకే కట్టలో అతుకులన్నీ ఒక్క చోట రాకుండా రెండేసి అంగుళాలు ఎడం పెట్టు. కప్లరుకు ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పి వదిలితే బొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

కప్లర్లు కడగడానికి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి టూత్ బ్రష్ చాలు. సర్క్యూట్ బోర్డుకైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యరు తక్కువ వేడి మీద, అడుగు దూరం నుంచి. హీట్ గన్ పెడితే కప్లరు లాకులు వంగిపోతాయి. ఎమెరీ కాయితంతో పిన్నులు రుద్దకు, మీదున్న తగరం పూత పోయి కొన్నాళ్లకే మళ్లీ చిలుము పడుతుంది. డబ్ల్యూడీ-40 తడిని తరుముతుంది, దాన్నే ఆఖరి పూతగా వదిలేయకు. చివర్లో కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు కందిగింజంత తీసి రబ్బరు సీలుకు రాయి. కప్లరు నిండా కూరే అలవాటు కొందరికి ఉంది, అది పనికాదు.

ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమంటే ఎర్త్ పాయింటు పోయినట్టే అనుకో. ముందు సీట్ల కాళ్ల పక్క ప్యానెల్ వెనక ఒకటి, డిక్కీలో ల్యాంపు దగ్గర ఒకటి సాధారణంగా ఉంటాయి. లైటు వెలుగుతుండగా దాని ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి చూడు. 0.1 లోపు ఉంటే మంచిది. 0.5 చూపిస్తే బోల్టు విప్పి, కింద రేకు తెల్లగా గీకి బిగించు.

బ్యాటరీ దిగిపోతోందన్న బండికి మైనస్ తీగ మధ్యలో మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో సిరీస్‌గా పెట్టు. తలుపు లాకును స్క్రూడ్రైవరుతో మూసినట్టు తిప్పి, అరగంట బండిని నిద్రపోనీ. అప్పటికి 50 మిల్లీ ఆంపియర్ల లోపుకు రావాలి. అర ఆంపియరు దగ్గర ఆగిపోతే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. చిన్న కారు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండో రోజుకే మొరాయిస్తుంది. ఫ్యూజులు పీకి చూడకుండా, ఒక్కో ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూడు. పీకి మళ్లీ పెడితే నిద్రపోయిన మాడ్యూల్ (కంప్యూటరు పెట్టె) లేచి కూర్చుని లెక్క చెడగొడుతుంది. నీలం 15 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిన చోట ఆకుపచ్చ 30 పెట్టేవాళ్లను నీ షాపులో ఉంచుకోకు. స్కానరు అన్ని మాడ్యూళ్లతోనూ సంబంధం తెగిందని చూపిస్తే, బ్యాటరీ తీసి, స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల (మాడ్యూళ్లు మాట్లాడుకునే రెండు వైర్లవి) మధ్య ఓములు చూడు. చాలా బండ్లలో 60 ఉండాలి. 120 వస్తే లైనులో ఎక్కడో తెగింది, ఒకటో రెండో వస్తే రెండు వైర్లూ తడిలో కలిశాయి.

కార్పెట్టు ఎండాలంటే సీట్లు విప్పక తప్పదు. సీట్ల కింద పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగకుండా వాటిని ముట్టకు, అవి విప్పి ఉండగా తాళం ఆన్ చేయకు. సెంటర్ కన్సోల్ కింద ఎయిర్‌బ్యాగు మాడ్యూల్ కూడా ఉంటుంది, నీళ్లు అక్కడిదాకా వచ్చాయేమో చూడు. స్పాంజి ఎండలో రెండు రోజులు ఆరాలి. ముసురు పట్టిన వారమైతే ఫ్యాను కింద నాలుగు రోజులు. కస్టమరు తొందర పెడతాడు, పెట్టనీ.

సీలుకు వెనిగరు వాసన వచ్చే సిలికాన్ వాడకు, దాంట్లోంచి వచ్చే ఆమ్లం రాగినీ రేకునూ తింటుంది. న్యూట్రల్ రకం తెచ్చుకో. అద్దానికి మాత్రం పాలీయురెథేన్ సీలెంటు. హెడ్‌లైటు వెనక చిన్న గాలి రంధ్రాన్ని లీకని మూసేవాళ్లున్నారు, అది మూస్తే లోపల ఆవిరి ఎప్పటికీ పోదు.

సెల్లారులో మునిగిన బండి, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలో ఆగిన బండి వేరే లెక్క. స్టార్టు బటన్ నొక్కొద్దని ముందు చెప్పు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేని ఇన్సూరెన్స్ పాలసీల్లో ఆ ఖర్చు యజమాని మీద పడేదే ఎక్కువ. నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీయించి, టోయింగ్ బండి పిలిపించు. కరెంటు బండి అయితే నారింజ రంగు తీగలు నీవి కావు, కంపెనీ మనిషికి వదిలేయి.

బండి అప్పగించే ముందు కార్పెట్టు కింద నాలుగు మూలలా పాత పేపరు మడతపెట్టి, మీద తేదీ రాసి ఉంచు. రెండు పెద్ద వానలు పడ్డాక తెమ్మని చెప్పు. ఏ మూల పేపరు ఉబ్బి ఉందో ఆ మూల నుంచే మళ్లీ మొదలుపెట్టాలి, దానికి మజూరీ తీసుకోకు. రాణిగంజ్ వైపు పోయినప్పుడు బ్యూటైల్ టేపు రెండు చుట్టలు తెచ్చుకో. కోఠీ గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనరు రెండు డబ్బాలు, హీట్ ష్రింకు 3, 6 మిల్లీమీటర్లవి ఐదేసి మీటర్లు తీసుకో. జిగురున్నదే కావాలని నొక్కి చెప్పు, అడక్కపోతే మామూలుది చేతిలో పెడతారు.

ఇట్లు
మామయ్య