పాత స్కానర్, కొత్త ల్యాప్‌టాప్, మధ్యలో డ్రైవర్ల గొడవ

ప్రశ్న: సర్, నేను రిటైరైన తెలుగు టీచర్‌ని. మా నాన్నగారు పద్యాలు రాసుకున్న నోట్‌బుక్కులు కొన్ని నా దగ్గరున్నాయి. కాగితం పసుపెక్కి, పట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. మా పాత కానోస్కాన్ లైడ్ 20తో స్కాన్ చేసి దాచుకోవాలని ఆశ. పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో అది చక్కగా పనిచేసేది. ఆ కంప్యూటర్ పాడైతే మా అబ్బాయి విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. సీడీలోని డ్రైవర్‌ని ఇందులోకి కాపీ చేసి, కంపాటిబిలిటీ మోడ్‌లో వేస్తే ఇన్‌స్టాల్ అయిందనే చెప్పింది, స్కానర్ మాత్రం కనబడలేదు. నెట్‌లో దొరికిన డ్రైవర్లు రెండు మూడు వేశాం. ఇప్పుడు విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వస్తోంది. స్కాన్ నొక్కితే ఇంట్లో ఉన్న ప్రింటర్ తాలూకు స్కానర్ తెరుచుకుంటోంది. స్కానర్ పారేయాల్సిందేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచర్ గారూ, పారేయకండి. ఇంకో డ్రైవర్ కూడా వేయకండి. మీ స్కానర్ చెడిపోయిందని చెప్పడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారం కూడా లేదు.

లైడ్ 20 ఎక్స్‌పీ కాలం నాటిది. దాని డ్రైవర్, అంటే స్కానర్‌ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్, 32 బిట్‌ది. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. 64 బిట్ విండోస్‌లో పాత 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ 32 బిట్ డ్రైవర్లు నడవవు, ఎందుకంటే డ్రైవర్ విండోస్ గుండెకాయలో, అంటే కెర్నల్‌లో కూర్చుని పనిచేయాలి. కంపాటిబిలిటీ మోడ్ ఇది పాత విండోసేనని ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్‌ని మాత్రమే నమ్మిస్తుంది, లోపలి డ్రైవర్‌ని మార్చదు. అందుకే మీకు "ఇన్‌స్టాల్ అయింది" అన్న మాట కనబడింది, స్కానర్ కనబడలేదు.

పసుపు గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కోడ్ వస్తుంది. 28 అయితే డ్రైవర్ లేదని. 52 అయితే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించుకోలేకపోయిందని. ఈ 52 చూసి చాలామంది వీడియోల్లో చెప్పినట్టు సంతకాల తనిఖీనీ, మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ రక్షణనీ ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు బ్యాంకు లావాదేవీలు చేసుకునే ల్యాప్‌టాప్ కూడా అదే అయి ఉంటుంది. ఎవరు మార్చారో తెలియని డ్రైవర్ కోసం దాని తలుపులు తెరవకూడదు.

ముందు పేరుకున్నదంతా శుభ్రం చేయాలి. స్కానర్ యూఎస్‌బీ తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకి వెళ్లి, ఈ స్కానర్ కోసం వేసినవన్నీ తొలగించండి. "డ్రైవర్ అప్‌డేటర్" లాంటిది ఏదైనా వచ్చి చేరి ఉంటే దాన్ని కూడా. తర్వాత డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ తెరిచి షో హిడెన్ డివైసెస్ నొక్కండి. ఇమేజింగ్ డివైసెస్ కిందా, అదర్ డివైసెస్ కిందా పాత స్కానర్ పేర్లు వెలిసిపోయిన రంగులో కనబడతాయి. ఒక్కోదాని మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్. అక్కడ డ్రైవర్‌ని కూడా తొలగించమనే చిన్న గడి వస్తే దానికి టిక్ పెట్టడం మరవద్దు. ఆ టిక్ లేకపోతే మళ్లీ కేబుల్ పెట్టగానే విండోస్ అదే పాత డ్రైవర్‌ని తెచ్చి తగిలిస్తుంది. ప్రింటర్ పేరు జోలికి వెళ్లకండి. అది తెరుచుకోవడానికి కారణం, విండోస్‌కి పనిచేసే స్కానర్ అదొక్కటే కనబడటం. రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు స్కానర్‌ని తిరగేసి అడుగున చూడండి, తాళం గుర్తున్న చిన్న మీట ఉంటుంది. ఎక్కడికైనా తీసుకెళ్లేటప్పుడు లోపలి భాగం కదలకుండా అది లాక్ చేస్తుంది. లాక్‌లో ఉంటే డ్రైవర్ ఎంత మంచిదైనా స్కాన్ కాదు. ఈ స్కానర్‌కి వేరే అడాప్టర్ లేదు, కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది. కాబట్టి హబ్ (ఒక పోర్టుని నాలుగైదు చేసే పెట్టె) వాడకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.

నేనైతే మొదట లైనక్స్‌తో చూస్తాను. అది విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. అందులో రకాలైన ఉబుంటునో లైనక్స్ మింట్‌నో పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే ల్యాప్‌టాప్‌ని ఆన్ చేయొచ్చు. మీ విండోస్ అలాగే ఉంటుంది. లైనక్స్‌లో స్కానర్ల కోసం ఉన్న సేన్ అనే వ్యవస్థలో లైడ్ 20కి మద్దతు ఉంది, సీడీతో పనిలేదు. ఖర్చు లేదు. పైగా అక్కడ స్కాన్ అయిందంటే యంత్రం బాగానే ఉందని తేలిపోతుంది. స్కాన్లు మాత్రం ఇంకో పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకోండి, షట్‌డౌన్ చేస్తే ఆ లైనక్స్‌లో ఉన్నవి పోతాయి. ఈ మొదటి ఏర్పాటుకి మాత్రం మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.

విండోస్‌లోనే కావాలంటే వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రామ్ ఉంది. డబ్బు పెట్టి కొనాలి. పాత స్కానర్ల కోసం తన సొంత డ్రైవర్‌ని తెచ్చుకుంటుంది, అందులో మీ మోడల్ ఉంది. ట్రయల్‌లో పేజీ మీద డాలర్ గుర్తులు పడతాయి. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోందని అలా చూసుకున్నాకే డబ్బు కట్టండి.

నోట్‌బుక్కుల గురించి కూడా చెప్పాలి. ఈ రకం స్కానర్‌కి కాగితం అద్దానికి పూర్తిగా ఆనాలి, కొంచెం పైకి లేచినా అక్షరం మసకబారుతుంది. అలాగని కుట్టు దగ్గర అదిమారో, ఆ కాగితం విరుగుతుంది. విడిపోయిన పేజీలనీ పూర్తిగా తెరుచుకునే పుస్తకాలనీ మాత్రమే స్కానర్ మీద పెట్టండి. తెరుచుకోని వాటిని పగటి వెలుతురులో పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. రంగుల్లోనే స్కాన్ చేయండి, బ్లాక్ అండ్ వైట్‌లో వెలిసిన సిరా మాయమవుతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు, అక్షరాలు మరీ సన్నగా ఉంటే 600. అసలు కాపీ నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్‌గా ఉంచి, బంధువులకి పంపేందుకు పీడీఎఫ్ చేసుకోండి.

లైనక్స్‌లో కూడా కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే, పసుపు గుర్తు దగ్గర వచ్చిన కోడ్ నంబరూ, స్కానర్ లోపల లైటు వెలుగుతోందో లేదో రాసి పంపండి. వచ్చే సంచికలోనే జవాబిస్తాను.