ఒక మస్టరు వెంట వెళితే అమలు అర్థమవుతుంది

ముందే రాసుకున్న ప్రణాళికకు కట్టుబడకుండా, సమస్యను గుర్తించి, చిన్న ప్రయత్నాలు చేస్తూ, ఫలితాన్ని బట్టి మార్చుకుంటూ ప్రభుత్వ పథకాలను అమలు చేసే పద్ధతిని ఎలా నేర్చుకోవాలి, అందుకు ఏదైనా కోర్సు చేయాలా అని మీరు అడిగారు.

కోర్సులున్నాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాట్ ఆండ్రూస్, లాంట్ ప్రిచెట్, మైకేల్ వూల్‌కాక్ ఈ ఆలోచనకు ఒక రూపమిచ్చి బోధనలోకి తెచ్చారు. ఒక సమస్యను తీసుకుని వరుసగా "ఎందుకు" అని అడిగిస్తారు, చేపముల్లు ఆకారంలో కారణాలను విడదీయిస్తారు, ఆ తర్వాత చిన్న ప్రయత్నం చేయించి, ఫలితం చూసి మళ్లీ మార్చమంటారు. తప్పకుండా చదవదగినదే. అయితే ఆ "ఎందుకు" అనే ప్రశ్నను ఎక్కడ నిలబడి, ఎవరిని అడుగుతున్నామన్నదే అసలు విషయమని నా గట్టి నమ్మకం. సమావేశ మందిరంలో అధికారులను అధికారులే అడిగినంత కాలం చివరి జవాబు మారదు: సిబ్బంది కొరత, ప్రజలకు అవగాహన లేకపోవడం.

నేను అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీ బృందంలో కొంతకాలం పనిచేశాను. దేశంలో ఆ పథకం మొదలైనదే మా జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. చట్టంలోని 17వ సెక్షను పనుల సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేసింది. మస్టర్లు (కూలీల హాజరు, కూలి రాసే పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, పేరు, పని రోజులు, కూలి మొత్తం చదివి వినిపించి, వాళ్లు చెప్పినది రాసుకుని, చివరకు మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో అందరి ముందూ ఉంచడం మా పని.

ఒక మెట్ట మండలంలో కూలి ఆలస్యంగా అందుతోందన్న ఫిర్యాదు ప్రతి ఇంట్లోనూ వినిపించింది. చట్టం ప్రకారం 15 రోజుల్లో కూలి అందాలి. మండల కార్యాలయంలోని కంప్యూటరు వారంలోనే డబ్బు ఖాతాల్లో జమ అయిందని చూపిస్తోంది. అప్పట్లో చెల్లింపులు పోస్టాఫీసు ద్వారా జరిగేవి. "లెక్క పడిందంటారు, పోతే ల్యాదంటారు, మళ్లీ రాపో అంటారు, ఎన్ని తూర్లు తిరగల్లప్పా?" అని ఒక పెద్దామె పాసు పుస్తకం మా ముందు పెట్టి అడిగింది. ఊరి పోస్టుమాస్టరు డబ్బు వాడుకుంటున్నాడని పైవాళ్లు అప్పటికే తీర్మానించుకుని, మెమో ఇచ్చి విషయం ముగించాలని చూస్తున్నారు.

మా బృందానికి పెద్దగా ఉన్నాయన అందుకు ఒప్పుకోలేదు. ఒకే ఒక్క వారం మస్టరును తీసుకుని, అది ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు చేతి నుంచి మండల కంప్యూటరు కేంద్రానికి, అక్కడి నుంచి ఎంపీడీవో సంతకానికి, ఆ పైన మండలంలోని పోస్టాఫీసుకు, చివరకు ఊళ్లోని చిన్న పోస్టాఫీసుకు చేరేవరకు దాని వెంటే వెళ్దామన్నాడు. సంతకాల దగ్గర అది ఆగలేదు. ఊళ్లో ఆగింది. ఆ చిన్న పోస్టాఫీసుకు ఒక రోజులో పంపే నగదుకు పరిమితి ఉంది, వేసవిలో ఊరంతా పనికి వచ్చినప్పుడు ఒక వారం కూలి ఆ పరిమితికి ఎన్నో రెట్లు ఉంటుంది. పొద్దున్నే వచ్చిన ఊరివాళ్లకు నగదు అందేది. దూరపు తండా నుంచి నడిచి వచ్చేవాళ్లు చేరేసరికి సంచి ఖాళీ అయ్యేది. కంప్యూటరు చెప్పినదీ నిజమే, పెద్దామె చెప్పినదీ నిజమే.

మొదట, ఏ వీధికి ఏ రోజు చెల్లిస్తారో బడి గోడ మీద రాయించారు. అది నిలవలేదు, ఎందుకంటే తండాకు కేటాయించిన రోజు సంత రోజైంది. తర్వాత రోజులను ఎంచుకునే పని కూలి గుంపుల పెద్దలైన మేట్లకే వదిలేశారు; తండావాళ్లు నగదు వచ్చే మొదటి రోజునే కోరుకున్నారు. చెల్లించాల్సిన మొత్తాల జాబితా కూడా ముందుగా వెళ్లేలా చూడటంతో పోస్టుమాస్టరు సరిపడా నగదు కోరగలిగాడు. తిరగడం చాలావరకు తగ్గింది. జాబు కార్డులో ఒక పేరు, పాసు పుస్తకంలో మరో పేరు ఉన్నవాళ్ల కష్టం మాత్రం అలాగే మిగిలింది, దానికి వేరే దారి వెతకవలసి వచ్చింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తర్వాత జరిగినది. వీధులవారీ చెల్లింపు బాగుందని విన్న పై కార్యాలయం, దాన్నే అన్ని మండలాలూ పాటించాలని సర్క్యులరు పంపింది. పక్క మండలంలో జాప్యానికి కారణం నగదు కాదు, మస్టర్లు కంప్యూటరులోకి ఎక్కకపోవడం. అక్కడ గోడ మీద రాతలు ఎవరికీ ఉపయోగపడలేదు. పంచవలసినది మస్టరు వెంట వెళ్లే అలవాటును, పంచినది దాని చివర దొరికిన ఒక జవాబును. ఈలోగా మమ్మల్ని ప్రోత్సహించిన అధికారికి బదిలీ అయింది. ఒకచోట ఉండి రెండో ప్రయత్నం ఫలితాన్ని కళ్లారా చూసే అవకాశం ఇవ్వని వ్యవస్థలో ఏ శిక్షణా నిలవదు. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు చూసి మండలాలకు మార్కులు వేసే సమీక్షలు దీన్ని మరింత చెడగొట్టాయి. రంగు మారడానికి కావలసింది డేటా నమోదు మాత్రమే, కూలి చేతికి అందడం కాదు.

ఇది నా ఒక్కడి అనుభవమని మీరు అనుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలోనే 8 జిల్లాల 157 మండలాల్లో వేలిముద్రల స్మార్ట్ కార్డులతో కూలి, పింఛను చెల్లించే ఏర్పాటును ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ప్రభుత్వంతో కలిసి పరిశీలించారు. రెండేళ్లు గడిచినా దాదాపు సగం చెల్లింపులే కార్డుల్లోకి మారాయి. అయినా కూలి తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది, డబ్బు ముందుగా అందింది, దారిలో మాయమయ్యేది తగ్గింది. అదే కాలంలో కింది నుంచి పైకి చేరినవి మాత్రం ఎక్కువగా ఫిర్యాదులే, ఏర్పాటును ఆపేయాలన్న ఆలోచన దాకా విషయం వెళ్లింది. ఉపాధి కూలీలను నేరుగా అడిగితే 90 శాతం మంది కార్డులే మేలన్నారు. మేలు జరిగిన పేదలు సమీక్షా సమావేశాలకు రారు, నష్టపోయిన మధ్యవర్తులు తప్పకుండా వస్తారు. 2018లో తెలంగాణ రైతుబంధు కింద ఎకరాకు 4,000 రూపాయల చెక్కులు పంచినప్పుడు కూడా, రైతులకు ఫోన్ చేసి అడుగుతామని అధికారులకు ముందే చెప్పిన మండలాల్లో పంపిణీ కాస్త మెరుగ్గా, అదీ చాలా తక్కువ ఖర్చుతో జరిగింది.

కాబట్టి కోర్సు చేయండి, కానీ దానికంటే ముందు మీ శాఖలో ఆగిపోయిన ఒక్క చెల్లింపును ఎంచుకోండి. పింఛను కావచ్చు, ఉపకార వేతనం కావచ్చు. అది ఆగిన బల్ల దగ్గరకు వెళ్లండి, అందాల్సిన మనిషి ఇంటికి వెళ్లండి, ఇద్దరూ చెప్పినది పక్కపక్కన రాసుకోండి. ఒక మార్పు చేశాక అదే ఇంటికి మళ్లీ వెళ్లడానికి కావలసిన అనుమతినీ, ప్రయాణ ఖర్చునూ పై అధికారి నుంచి మొదటి రోజే రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే మొదటి పర్యటనకు దొరికే వాహనం రెండోసారికి దొరకదు.