1,70,000 కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారు మిస్సింగ్ కొడుతోంది, నాలుగు కాయిల్స్ మార్చాలా?

మార్చకండి. ఇప్పుడే మార్చకండి. 2010 మోడల్ అన్నారు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, షెడ్డులో నాలుగు కాయిల్సూ (ఒక్కో సిలిండర్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చేవి) కొత్తవి వేయమన్నారు అన్నారు. మిస్సింగ్ అంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండడం లేదని, అసలు అది ఏ సిలిండరో చెప్పారా? అది చెప్పకుండా సామాను మార్చమంటే మీ డబ్బుతో వాళ్ళు ఊహిస్తున్నట్టే.

నా అనుభవం చెప్తాను. నాది 2011 మోడల్, అప్పటికి 1,85,000 దాటింది, అందులో సగానికి పైగా ఎల్పీజీ మీదే తిరిగింది. ఏసీ వేసి ఆగితే డాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ కూడా ఊగేది. ఒక షెడ్డుకి తీసుకెళ్తే కొత్త ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అని ఆరు వేలకు పైగా వదిలించారు. రెండు రోజులు బాగానే ఉంది (డబ్బు పెట్టాక అలాగే అనిపిస్తుంది లెండి), మూడో రోజు వాన పడగానే మళ్ళీ మొదలు.

అప్పుడు ఇంజిన్ తప్పుల కోడ్ చదివే ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొన్నాను. పి0303 అని చూపించింది, అంటే మూడో సిలిండర్. మూడో కాయిల్ తీసి రెండో దానిలో, రెండోది మూడో దానిలో పెట్టి, కోడ్ చెరిపేసి ఊళ్ళోనే ఓ పావుగంట తిప్పాను. ఈసారి పి0302 వచ్చింది. తప్పు కాయిల్ వెంట నడిచిందన్నమాట. అయితే కాయిల్ బయటికి లాగినప్పుడే అసలు సంగతి కనపడింది, దాని కింద ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు బూటు ఇంజిన్ ఆయిల్లో నానిపోయి ఉంది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) దగ్గర సీల్ ఎండిపోయి ప్లగ్గు గుంటలోకి ఆయిల్ దిగుతోంది. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. స్పార్కు లోపలికి పోకుండా ఆ నానిన బూటు, ఆ గీత మీదుగా బయటికి జారిపోతోంది, చెమ్మ తగిలితే ఇంకా తేలిగ్గా. కొత్త ప్లగ్గులు వేసినవాడు ఆ ఆయిల్ చూసే ఉంటాడు, గుడ్డతో కూడా తుడవలేదు! సీల్స్, ఒక బూటు, ఒక ప్లగ్గు మార్చాను, కాయిల్ పాతదే, దాని వెంట నడిచిన తప్పు ఆ బూటుదే.

మీ బండికి స్కానర్ పలక్కపోతే (ఆ కాలం బండ్లలో కొన్ని పలకవు) ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోలు చిమ్మేది) కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి పెట్టండి. ఏది తీసినా వణుకు పెరగాలి, ఏది తీస్తే తేడా రాలేదో అదే పని చేయని సిలిండర్. అంతేగానీ ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు చేత్తో లాగొద్దు, గట్టి షాక్ కొడుతుంది. ఇంకోటి, లైటు నిలకడగా కాకుండా టపటపా మిణుకుతుంటే హైవే ఎక్కకండి, కాలని పెట్రోలు సైలెన్సర్ లైన్లోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ని మాడ్చేస్తుంది, దాని ధర ముందు కాయిల్స్ ధర ఎంత!

ఒక సిలిండర్ అని కాకుండా పి0300 వస్తే కథ వేరు. ఐడ్లింగ్‌లో వణికి, రేస్ ఇస్తే సర్దుకుంటుంటే ఎక్కడో గాలి లాగుతోంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాలు) చుట్టూ ఉండే రబ్బరు పైపులు వంచి చూడండి, పగుళ్ళు వంచితేనే కనపడతాయి. అలా కాకుండా ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు జర్కులు ఇస్తుంటే ఫ్యూయల్ ఫిల్టర్, పంప్ ప్రెషర్ చూడాలి.

నాకు ఆ తర్వాత ఐదు నెలలకి మళ్ళీ పి0303 వచ్చింది, ఈసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. కాయిల్ మార్చి పెట్టినా, ప్లగ్గు మార్చి పెట్టినా కోడ్ కదల్లేదు. ఇక కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) చూడాల్సిందే అని వేరే షెడ్డుకి వెళ్ళాను, అక్కడి పెద్దాయన నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. మిగతా మూడు సిలిండర్లలో ఒత్తిడి 170 పీఎస్ఐకి అటూ ఇటూ, మూడో నంబరు సిలిండర్లో 120. ఒక టీస్పూను ఆయిల్ ప్లగ్గు రంధ్రంలో పోసి మళ్ళీ చూశాం, గేజి ముల్లు లేవలేదు. లేచి ఉంటే రింగులు అరిగాయని అర్థం, లేవలేదంటే వాల్వులైనా హెడ్ గ్యాస్కెట్టయినా అయి ఉండాలి. కవర్ విప్పి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకు) పెడితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర ఉండాల్సిన సందు అసలు లేదు. గ్యాస్ మీద తిరిగిన బండ్లలో వాల్వ్ సీట్ అరుగుతుంది, సందు మూసుకుపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్ శబ్దం లేదు కదా, ఇంజిన్ బాగుంది అని నేను మురిసిపోయాను, బిగుసుకున్న వాల్వ్ శబ్దం చేయదట. ట్యాపెట్ సెట్టింగ్ చేసి ఆ సందు సరిచేశాక ఒత్తిడి 155 దాకా వచ్చింది, వణుకు పోయింది. నా అదృష్టం కొద్దీ వాల్వ్ ఇంకా కాలలేదు, కాలి ఉంటే హెడ్ దించాల్సి వచ్చేది.

మీరు ముందు కాయిల్స్ నాలుగూ బయటికి తీసి గుంటల్లో ఆయిల్ ఉందేమో టార్చి వేసి చూడండి. కోడ్ ఏమొచ్చిందో, బండికి గ్యాస్ కిట్ ఉందో లేదో చెప్తే తర్వాత ఏది విప్పాలో చూద్దాం.