మేలో హనుమకొండకు మంచి చాక్లెట్ తీసుకుపోవచ్చా?

ప్రశ్న: విదేశానికి కొత్తగా వచ్చాను. మేలో హనుమకొండ పోతున్నా. అమ్మకు, బాపుకు మంచి డార్క్ చాక్లెట్ పాడవకుండా ఎట్లా తీసుకుపోవాలి?

జవాబు: గట్టి బార్లే కొనండి. క్రీము నింపిన ట్రఫుల్స్ చల్లని చోట పెట్టినా రెండు మూడు వారాలే నిలుస్తాయి, ఆ ఎండకు అసలే వద్దు. మద్యం నింపినవీ అమ్ముతారు, లేబుల్ చదివి కొనండి.

పోయేదాకా 15–18 డిగ్రీలుండే అల్మారాలో, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇంగువ, కారంపొడి, మామిడికాయ తొక్కు ఉన్న అరలో మాత్రం పెట్టొద్దు. చాక్లెట్ వాసనలు ఇట్టే పీల్చుకుంటుంది, ఒకసారి పట్టిన ఇంగువ వాసన ఇక పోదు.

చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది. నాలుక మీద వెన్నలా జారేది అందుకే. మేలో మన దగ్గర మధ్యాహ్నం 40 దాటుతుంది. శంషాబాద్‌లో దిగాక పెట్టె డిక్కీలో వేస్తే మూడు గంటల దారిలో బార్లు ముద్దవుతాయి. ఆ సంచి ఏసీ ఉన్న ముందు సీట్ల దగ్గరే పెట్టుకోండి.

ఇంట్లో ఫ్రిజ్ తప్పదు. రేకు చుట్టి, జిప్ కవర్లో వేసి, దాన్ని డబ్బాలో పెట్టండి. తీశాక వెంటనే విప్పొద్దు. చల్లటి బార్ మీద గాలిలోని తేమ చెమటలా పట్టి చక్కెరను కరిగిస్తుంది. ఆరాక పైన గరుకు పొర మిగులుతుంది. డబ్బా మూసే ఉంచి, ఏసీ గదిలో రెండు మూడు గంటలు ఆగండి. కూలర్ ముందు పెట్టొద్దు, అది తేమ గాలి. ఏసీ లేకపోతే ఒక్కపూటకు సరిపడా ముక్కలే తీసి వెంటనే తినేయడం నయం.

తెల్లపొర కనిపిస్తే బూజని పారేయకండి. వేలితో రుద్దితే నున్నగా కరిగిపోతే అది కొవ్వు, కరిగి మళ్లీ గట్టిపడ్డప్పుడు పైకి తేలింది. గరుకుగా తగిలితే చక్కెర. రెండూ తినొచ్చు, కాకపోతే విరిస్తే టక్కుమనే ఆ బిగువు ఉండదు. అట్లాంటి దాన్ని వేడి పాలలో కలిపేయండి.

తొక్కుతో అన్నం తిన్న వెంటనే పెట్టకండి, నోరు మండుతుంటే రుచి తెలియదు. గోరువెచ్చని నీళ్లు తాగించి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకొని నమలకుండా ఉండమనండి. కోకో 70 శాతం ఉన్న బార్ అలవాటు లేనివాళ్లకు చేదుగానే ఉంటుంది. అమ్మకు, బాపుకు మొదట 50 శాతంది ఇవ్వండి.