జాన్ సేవియర్ గవర్నరుగా నడిపిన ‘ఫ్రాంక్లిన్’ అమెరికాలో రాష్ట్రంగా ఎందుకు నిలవలేదు?

ఈ ప్రశ్న ఎప్పుడొచ్చినా సగం జవాబులు జింక చర్మాల దగ్గరే ఆగిపోతాయి. జీతాలు తోళ్లలో ఇచ్చిన రాష్ట్రం నిలుస్తుందా అని నవ్వేస్తారు. తోళ్లు కారణం కానే కాదు. అడవి అంచున నాణేలు దొరకవు కాబట్టి, పన్ను సరుకు రూపంలో కట్టొచ్చని 1785లో ఫ్రాంక్లిన్ శాసనసభ ధరలతో సహా చట్టం చేసింది: శుభ్రమైన బీవర్ తోలు 6 షిల్లింగులు, రకూన్ లేదా నక్క తోలు షిల్లింగు 3 పెన్నీలు, రై విస్కీ గాలను రెండున్నర షిల్లింగులు. ఇందులో నవ్వడానికేముంది?

అసలు చిక్కు మాతృరాష్ట్రం సమ్మతి. 1784 ఏప్రిల్‌లో నార్త్ కరోలినా తన పడమటి నేలను (నేటి టెనెస్సీ) కేంద్రానికి వదిలేస్తూ చట్టం చేసింది. ఆగస్టులో అక్కడివాళ్లు జోన్స్‌బరోలో కూడి కొత్త రాష్ట్రం అన్నారు. నవంబరుకల్లా నార్త్ కరోలినా ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. సేవియర్ మొదట వెనకాడాడు, అయినా 1785లో గవర్నరయ్యాడు. మే నెలలో ఫ్రాంక్లిన్‌ను చేర్చుకోవడానికి కాంగ్రెసులో 7 రాష్ట్రాలు ఔనన్నాయి, కావాల్సింది 9. ఇక 1787 రాజ్యాంగంలో, ఒక రాష్ట్రం లోపల మరోటి పుట్టాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలని రాసేశారు. మన రాజ్యాంగం 3వ అధికరణం అలా కాదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిప్పికొట్టినా ఫిబ్రవరిలో పార్లమెంటు తెలంగాణను ఇచ్చింది. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లను చూస్తే విసుగొస్తుంది.

సమ్మతి లేకపోతే ఏమవుతుందో 1788 ఫిబ్రవరి చెబుతుంది. ఒకే జిల్లాలో రెండు కోర్టులు, ఇద్దరు షెరీఫులు, రెండు పన్నులు. ఒక వర్గం రెండో వర్గం కోర్టు మీద పడి రికార్డులు ఎత్తుకుపోయేది. నార్త్ కరోలినా పక్షాన ఉన్న జాన్ టిప్టన్ వర్గం, కోర్టు ఉత్తర్వు పేరుతో సేవియర్ బానిసలను జప్తు చేసి టిప్టన్ ఇంటికి తోలుకుపోయింది. సేవియర్ నూటయాభై మందికి అటూఇటూగా వెంటబెట్టుకెళ్లి ఆ ఇంటిని చుట్టుముట్టాడు. మంచు కురుస్తుండగా సల్లివన్ కౌంటీ నుంచి టిప్టన్‌కు సాయం వచ్చింది. కాల్పుల్లో కొందరు చచ్చారు, సేవియర్ కొడుకులు దొరికిపోయారు, ముట్టడి చెదిరిపోయింది. స్వేచ్ఛ కోసం పోరాటమని దీన్ని పొగిడేవాళ్లు, గొడవ మొదలైంది బానిసల మీదని చెప్పరు. అదే ఏడాది తెల్లజెండా కింద మాటలకొచ్చిన చెరోకీ మూలవాసుల పెద్ద ఓల్డ్ టాసెల్‌ను సేవియర్ దండులోని మనిషే చంపాడన్నదీ చెప్పరు.

అక్టోబరులో సేవియర్‌ను రాజద్రోహం కింద పట్టుకుని కొండలు దాటించి నార్త్ కరోలినాలోని మోర్గంటన్‌కు తీసుకెళ్లారు. అక్కడ స్వాతంత్ర్య సమరంలోని కింగ్స్ మౌంటెన్ యుద్ధంలో అతనితో కలిసి పోరాడినవాళ్లే పూచీ పడ్డారు. మరుసటి ఏడాది అదే నార్త్ కరోలినా సెనేట్‌లో సభ్యుడిగా కూర్చున్నాడు! నన్నడిగితే అతని అసలు ప్రతిభ ఇదే: ఓడిన చోటే మళ్లీ ఓట్లు సంపాదించడం.

రెండోసారి కాగితాలు సరిగ్గా పడ్డాయి. 1789 డిసెంబరులో నార్త్ కరోలినా ఆ నేలను మళ్లీ వదులుకుంది, ఈసారి వెనక్కి తీసుకోలేదు. రాష్ట్ర హోదా అడగాలంటే 60,000 జనాభా ఉండాలన్నది అప్పటి నియమం. 1795 లెక్కలో 77,262 తేలింది. 1796 జనవరి, ఫిబ్రవరిల్లో నాక్స్‌విల్‌లో రాజ్యాంగం రాసుకున్నారు. టెనెస్సీని కాంగ్రెసు చేర్చుకున్నది జూన్ 1న. సేవియర్ గవర్నరుగా ప్రమాణం చేసింది మార్చి 30నే! అంటే ఈసారీ ఢిల్లీ మాట కోసం ఆగలేదు, వాళ్ల ఢిల్లీ ఫిలడెల్ఫియా అనుకోండి. కాకపోతే అభ్యంతరం చెప్పడానికి మాతృరాష్ట్రం లేదు.