మిద్దెమీద విచ్చుకున్న పైన్ కాయ

ప్రశ్న: ఊటీ నుంచి తెచ్చిన పైన్ కాయలు నెల రోజులు ఇంట్లో ఉన్నా విచ్చుకోలేదు. మే ఎండలో మిద్దెమీద పెడితే ఒక్క రోజుకే విచ్చుకుని రెక్కల గింజలు రాలాయి. వాన తగిలితే మళ్ళీ ముడుచుకున్నాయి. ఎందుకు? ఆ గింజలు హార్స్‌లీ కొండల మీద చల్లవచ్చా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాటులా పైన్ కావచ్చు. మెక్సికో చెట్టు, నీలగిరుల్లో నాటారు. దాని కాయ పొలుసులను జిగురు అతికించి ఉంచుతుంది. ఇలాంటి జిగురు కరగాలంటే సుమారు 45–50 డిగ్రీల వేడి కావాలి. ఇంటి నీడలో అంత వేడి ఉండదు, మే నెల మిద్దె గచ్చు మాత్రం సులువుగా దాటేస్తుంది. అడవిలో ఆ పని కార్చిచ్చు చేస్తుంది. గడ్డి కాలి నేల ఖాళీ అయిన సమయానికే గింజ రాలుతుంది.

జిగురు వదిలాక ఇక తేమదే పెత్తనం. పొలుసు బయటి పొర తడిస్తే సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. లోపలి పొర అంతగా మారదు. అందుకే ఆరినప్పుడు పొలుసు బయటికి వంగుతుంది. ఎండిపోయిన పాత కాయ కూడా నీళ్ళలో వేస్తే ముడుచుకుంటుంది. చెట్టుకు ఇది లాభం, తడిసిన రెక్క ఎగరదు కదా! పొడిగాలి రోజున రాలిన గింజ దూరం పోతుంది. చాలా గింజలు తల్లిచెట్టు దగ్గరే పడతాయి, కానీ కొండకొమ్మున ఉన్న చెట్టు గింజలు కిలోమీటర్లు దాటుతాయి. న్యూజిలాండ్‌లో కొండలు దాటి దిగే వేడి పొడిగాలి కంటోర్టా అనే ఇంకో జాతి పైన్‌ను ఇలాగే పచ్చికబయళ్ళకు చేర్చింది. అక్కడ 2016 నుంచి ఇలా అదుపు తప్పి వ్యాపించిన చెట్లను తొలగించే పథకం దేశవ్యాప్తంగా నడుస్తోంది.

కాబట్టి గింజలు చల్లకండి. మన ఊరి ఎండకు ఇక్కడ బతకకపోవచ్చు, నాలుగు వేల అడుగుల చల్లని కొండ సంగతి వేరు. అలంకారానికి కాయలు ఉంచుకోండి, గింజలు పొయ్యిలో వేయండి.

ఇప్పటికే మొలిచిన పైన్‌ను తొలగించేవారు పిల్లమొక్కను వేరుతో పీకాలి. పెద్దదైతే అట్టడుగు పచ్చ కొమ్మకు కిందుగా కోయాలి, ఒక్క పచ్చ రెమ్మ మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. ముదురు కాయలతో నరికి ఎండలో పడేయడం పెద్ద పొరపాటు, పడినచోటే విచ్చుకుంటాయి.

ప్రశ్న: మా సవుకు తోట కూడా పైన్ జాతేనా?
- ఒక రైతు, చిత్తూరు

జవాబు: కాదు. సవుకు, అంటే సరుగుడు, పూలు పూసే చెట్టు, కాయ మాత్రం పైన్‌ను పోలి ఉంటుంది. నారుకు గింజలు కావాలంటే కాయ గోధుమరంగుకు తిరగ్గానే కోసి, గుడ్డమీద పరచి, పైన పలుచని గుడ్డ కప్పి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఆలస్యమైతే కాయ చెట్టుమీదే విచ్చుకుని గింజలు రాలిపోతాయి. చీమలు ఎత్తుకుపోతాయి, జాగ్రత్త.