పాట లేని రికార్డు గురించి రాయాలంటే

తమ్ముడూ,

డేవ్ స్వార్‌బ్రిక్ మీద నువ్వు రాసింది చదివాను. ఇంగ్లండ్ జానపద సంగీతం అనగానే అందరూ పాటల వెంట పడతారు, నువ్వు ఏరి కోరి ఒక ఫిడేలు వాద్యకారుడి రికార్డు పట్టుకున్నావు. అందులోనూ 1967 నాటి ‘రాగ్స్, రీల్స్ అండ్ ఎయిర్స్’. చాలా సంతోషం వేసింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు ఆ మొదటి పేరా తీసెయ్. 1999లో ఆయన కోవెంట్రీ ఆసుపత్రిలో ఉండగా, చనిపోయాడనుకుని డైలీ టెలిగ్రాఫ్ సంతాప వ్యాసం వేసేసిన సంగతి ఆయన మీద రాసేవాళ్లందరూ చెప్పేదే. వినడానికి బాగుంటుంది, కానీ 32 ఏళ్ల ముందు వచ్చిన ఈ రికార్డు గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఫోక్-రాక్ బృందం గురించి నువ్వు రాసిన దాంట్లో కూడా సగం తగ్గించాలి. 1969లో ఆయన ఆ బృందంలో చేరాడు, డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య ఫిడేలు నిలబెట్టాడు, అదంతా నిజమే. కానీ నువ్వు ఆ తర్వాతి సంగతులు మనసులో పెట్టుకుని వెనక్కి చూస్తూ, ఈ రికార్డును ‘రాబోయే దానికి పునాది’ అనేశావు. 1967లో వాయిస్తున్న 26 ఏళ్ల కుర్రాడికి రాబోయేది ఏం తెలుసు? ఆయనకి తెలిసింది బర్మింగ్‌హామ్. చిన్నప్పుడు నేర్చుకున్న వయొలిన్ పక్కన పెట్టి స్కిఫిల్ (అప్పట్లో కుర్రకారు గిటార్లతో వాయించిన తేలికపాటి సంగీతం) మోజులో గిటార్ పట్టుకున్న పిల్లాణ్ని, మళ్లీ ఫిడేలు దగ్గరికి తీసుకొచ్చింది బెరిల్ మారియట్ అనే పియానిస్టు, ఆవిడ నడిపిన డాన్స్ బ్యాండ్. తర్వాత ఇయాన్ క్యాంప్‌బెల్ జానపద బృందంలో కొన్నేళ్లు, ఆ పైన గాయకుడు, గిటారిస్టు మార్టిన్ కార్తీతో జోడీ. ఈ దారిలో నడిచి రా, అప్పుడు ఆ వాయింపులో ఆ దూకుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకే తెలుస్తుంది. డాన్స్ బ్యాండ్‌లో వాయించేవాడు చేతివైపు కాదు, జనం కాళ్లవైపు చూస్తాడు. అడుగు తడబడితే తప్పు వాయించేవాడిదే.

నీ వ్యాసంలో అసలు లోటు ఇక్కడే ఉంది. ‘అద్భుతమైన’, ‘మంత్రముగ్ధుల్ని చేసే’, ‘హృదయాన్ని తాకే’ అని రాసుకుంటూ పోయావు. పాట ఉంటే సాహిత్యం కోట్ చేసి గట్టెక్కొచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి మాటల్లేవు కాబట్టి విశేషణాల మీద పడ్డావు, నాకు అర్థమైంది. కానీ చదివేవాడికి ఏం వినిపించింది చెప్పు? రీల్ అనే డాన్స్ ట్యూన్ ఎలా నడుస్తుందో నువ్వు ఎక్కడా చెప్పలేదు. మామూలుగా ఒక ట్యూన్‌కి రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (మన తాళంలో ఆవర్తాల్లాంటివి), ఒక్కోటి రెండేసి సార్లు, మొత్తం 32. అది తిరిగి తిరిగి వస్తుంది. రెండు మూడు ట్యూన్లు ఆగకుండా ఒకదాని వెంట ఒకటి కట్టేస్తారు. అంత చిన్న గదిలో మళ్లీ మళ్లీ తిరుగుతూ కూడా విసుగు పుట్టించకుండా ఉండాలంటే రెండోసారి ఏదో ఒకటి మారాలి. స్వార్‌బ్రిక్ గొప్పతనం ఆ రెండోసారిలోనే ఉందని నేననుకుంటాను. బౌ (కమాను) మీద ఒత్తిడి ఎక్కడ పడుతోంది, ఏ స్వరం దగ్గర జారుతున్నాడు, ఎక్కడ ఒక దెబ్బను కాస్త ముందుకు తోస్తున్నాడు, ఇవి వినిపించేదాకా విని అప్పుడు రాయి. ఒక ట్యూన్ నుంచి ఇంకో ట్యూన్‌లోకి దూకే క్షణం ఉంటుందే, అక్కడ ఒక పేరా మొత్తం ఖర్చు పెట్టినా తప్పులేదు.

పేరులోని మొదటి మాట దగ్గర కూడా ఆగాలి నువ్వు. రాగ్స్ అంటే రాగ్‌టైమ్, అమెరికాలో నల్లజాతి పియానో వాద్యకారుల చేతుల్లో పెరిగిన సంగీతం. రీల్స్ స్కాట్లాండ్, ఐర్లాండ్‌లవి. మరి అదే కాలంలో లండన్‌లో జానపద గాయకుడు యువాన్ మక్కాల్ వాళ్ల సింగర్స్ క్లబ్‌లో, వేదిక ఎక్కినవాళ్లు తమ సొంత దేశపు పాటలే పాడాలని నియమం ఉండేది. ఆ నియమం వెనక మంచి ఉద్దేశమే ఉంది, అమెరికా పాటల కింద సొంత పాటలు పూడిపోతున్నాయన్న బాధ అది. దాన్ని చులకన చేయకు. కానీ అలాంటి రోజుల్లో ఈ కుర్రాడు రాగ్స్‌ను తెచ్చి రికార్డు పేరులో ముందు పెట్టాడు! ఎందుకంటే అవి ఫిడేలు మీద బాగుంటాయి. పక్కన గిటార్ పట్టిన డిజ్ డిస్లీ జాజ్ మనిషి, జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ బాణీ వంటబట్టినవాడు, 1973లో జాజ్ వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెల్లి పక్కన వాయించింది కూడా ఆయనే. ఇంకో పక్కన కార్తీ, పాత ఇంగ్లిష్ పాటల్లో మునిగిన మనిషి. ఈ ఇద్దరి మధ్య ఫిడేలు ఉంది. నీ వ్యాసానికి వెన్నెముక ఇది. నువ్వు దీన్ని బ్రాకెట్లో పెట్టి వదిలేశావు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారితో పోల్చావు. ఆ పోలిక ఎవరు గొప్ప అన్న దగ్గరికి పోతోంది, అది మానెయ్. కానీ పూర్తిగా తీసెయ్యమని అనను, ఎందుకంటే వాయిద్యం ఒక్కటే. మనవాళ్లు కింద కూర్చుని, వాయిద్యం తలను కాలి చీలమండ మీద ఆనించి, తీగల్ని స-ప-స-ప గా శృతి చేసుకుంటారు. అందుకే ఎడమచెయ్యి తీగ మీద పైకీ కిందికీ హాయిగా జారుతుంది, గమకం పుడుతుంది. అక్కడివాళ్ల తీగల శృతి వేరు, ఎడమచెయ్యి ఎక్కువగా వాయిద్యం తల దగ్గరే ఉంటుంది, అలంకారంలో చాలా భాగం బౌ పట్టిన కుడిచెయ్యి చూసుకుంటుంది. ఇది చెబితే కచేరీలు విని పెరిగిన తెలుగు పాఠకుడికి, ఈ రికార్డులో దేనికోసం వినాలో తెలుస్తుంది. తంబూరా లేదు, ఆలాపన లేదు, మృదంగం లేదు, తాళం బరువంతా గిటార్ల మీదే ఉందన్న సంగతి కూడా అక్కడే చెప్పెయ్.

ఎయిర్స్ గురించి ఎక్కువ రాయకు. నెమ్మదిగా సాగేవి కాబట్టి అందరికీ వెంటనే నచ్చుతాయి, రాసేవాడికి కన్నీళ్ల మీద రాయడం తేలిక. ఒక్కదాన్ని తీసుకుని బౌ ఎంతసేపు ఆగిందో చెప్పి ముందుకెళ్లిపో.

మళ్లీ రాసి పంపు. ఈసారి వ్యాసంతో పాటు, నువ్వు వింటూ రాసుకున్న నోట్సు కూడా పంపు, ఏ ట్యూన్‌లో ఎన్ని నిమిషాల దగ్గర ఏం విన్నావో. ముందు అదే చదువుతాను.